ముప్పై అడుగుల రోడ్డు

"ఒక్క దుప్పటి ఆరేయడానికి అరగంట పడుతుందా అమ్మాయ్?"

కింద నుంచి అత్తగారి గొంతు. డాబా మీద కోడలు తీగ మీది దుప్పటిని మూడోసారి సర్దింది. ఆరేయడం ఎప్పుడో అయిపోయింది. ఆమె ఎదురుచూస్తున్నది అవతలి డాబా మీదికి అక్క వస్తుందని.

అక్క వచ్చింది. చంకలో బకెట్టు, భుజాన రెండు తడి తువ్వాళ్ళు. వస్తూనే చెయ్యి ఎత్తి ఊపింది. ఈమె కూడా ఊపింది. తిన్నావా అని అక్క వేళ్ళు నోటి దగ్గర పెట్టి అడిగింది. లేదని ఈమె తల అడ్డంగా ఊపింది. ఎందుకు తినలేదని అక్క కోపంగా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. అంత దూరం నుంచి కోపం ముఖంలో కనిపించదు కాబట్టి ఒంటి మీదికి తెచ్చుకోవాలి. ఆరేళ్ళుగా అక్కాచెల్లెళ్ళ కబుర్లు ఇలాగే నడుస్తున్నాయి. ఫోన్లు లేక కాదు. ఈమె ఫోను చెవిన పెట్టుకోగానే హాల్లో అత్తగారు టీవీ గొంతు తగ్గించేస్తారు. ఆ తర్వాత ఏం మాట్లాడినా ముగ్గురి సంభాషణే.

ఈమె ఉన్న లేఅవుట్‌లో వీధి చివరి ఇల్లు వాళ్ళది. దాని పక్కన ఎనిమిది అడుగుల గోడ. గోడకి అవతల పాత కాలనీ. అక్కడి నుంచి మూడో ఇల్లు అక్కది. మేడ మీద ఒక గది, కింద వరండాలో కుట్టు మిషను, గుమ్మానికి "ఇచ్చట బట్టలు కుట్టబడును" అని చేత్తో రాసిన అట్టముక్క. కాకి ఎగిరి వెళ్తే రెక్క నాలుగు సార్లు కూడా ఆడించక్కర్లేదు. మనిషి వెళ్ళాలంటే మాత్రం వెనక్కి తిరిగి, లేఅవుట్ అంతా దాటి, అవతలి కొసనున్న ఒకే ఒక్క గేటులోంచి బయటపడి, హైవే పక్కన నడిచి, ఫ్లైఓవర్ కింద మలుపు తీసుకుని, మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఆరు కిలోమీటర్లు. ఇల్లు కొన్నప్పుడు ఆమె భర్త అన్న మాట ఇది: "మీ అక్క గోడ అవతలే. ఇంకేం కావాలి నీకు?"

పెళ్ళికి ముందు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ పాత కాలనీలోనే ఒక గదిలో ఉండేవారు. అక్క పెళ్ళి నాలుగేళ్ళకే తెగిపోయి, ఒక మిషనూ రెండు సూట్‌కేసులతో వచ్చేసింది. చెల్లెలికి అప్పుడే టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. కొత్త కాలనీల మ్యాపుల మీద ట్రేసింగ్ పేపర్ పరిచి ఇంకు పెన్నుతో గీతలు గీయడం పని. వయసు ఇరవై రెండే అయినా ఆఫీసులో అందరూ ఆమెను ట్రేసరమ్మా అనేవారు. ఇంటి నుంచి ఆఫీసుకి నడిచి వెళ్ళడానికి నాలుగు దారులుండేవి. ఆలస్యమైతే పాత సామాన్లు అమ్మే గుజరీ సందులోంచి, నింపాదిగా ఉంటే లైబ్రరీ మీదుగా, అక్కతో పోట్లాడిన రోజున ఎవరూ పలకరించని రైలుకట్ట పక్కనుంచి, సాయంత్రం జీతం చేతిలో ఉంటే దుకాణాల వీధిలోంచి. ప్రతి సందూ ఇంకో సందులోకి తెరుచుకునేది. దారి తప్పినా ఎక్కడో ఒకచోట తెలిసిన ముఖం ఎదురయ్యేది. మనసెలా ఉంటే అలా నడవొచ్చని, అదొక సుఖమని అప్పుడు తెలియదు. ఇప్పుడు గిన్నెలు తోముతూ ఒక్కోసారి ఆమె ఆ నాలుగు దారుల్లో వరసగా నడిచి వస్తుంది. లైబ్రరీ మెట్ల దగ్గరకొచ్చేసరికి చెంబు జారి సింకులో పడుతుంది, "చేతిలో పట్టు లేదేం?" అంటారు అత్తగారు.

ఇక్కడికొచ్చాక ఉద్యోగం ఎనిమిది నెలలు చేసింది. గేటు దాకా ఇరవై నిమిషాలు నడక, అక్కడి నుంచి బస్‌స్టాపు ఇంకో రెండు కిలోమీటర్లు, ఆ తర్వాత ఊరంతా చుట్టి తిప్పే మూడు బస్సులు. పొద్దున నాలుగున్నరకి లేచి వంట చేసి, అందరికీ సర్ది పెట్టి వెళ్తే, ఇల్లు చేరేసరికి ఏడున్నర. "మొగుడు ముందొచ్చి గుమ్మంలో కూర్చునే ఇల్లు ఈ వీధిలో మనదొక్కటే," అనేవారు అత్తగారు. భర్త ఎప్పుడూ మానెయ్యమనలేదు. అదే ఆయన గొప్ప. "నేను వద్దన్నానా? నీ ఇష్టం. ఇంట్లో పని ఆగకూడదు, అంతే కదా నేననేది." తొమ్మిదో నెలలో ఆమె రాజీనామా రాసింది. చుట్టాలందరికీ ఆయన చెప్పింది ఒకటే వాక్యం: "తనే మానేసింది."

స్కూటర్ నేర్చుకుంటానంది ఒకసారి. "హైవే మీద లారీలు చూశావా? నీకేమైనా అయితే ఇల్లెవరు చూసుకుంటారు?" అన్నాడాయన. ఆ మాటలో మొదటి సగం ప్రేమలా వినిపించి వారం రోజులు మురిసిపోయింది. రెండో సగం వినబడడానికి మూడేళ్ళు పట్టింది.

అప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళాలన్నా అడగాలి. పాలు విరిగితే అడగాలి, పంటి నొప్పికి అడగాలి, చెప్పు తెగితే అడగాలి. ఆయన కాదనడు. "ఆదివారం చూద్దాం," అంటాడు. పిల్లకి పదకొండేళ్ళొచ్చాయి, ఒంటరిగా వెళ్ళడానికి ఒక్క చోటు లేదు. స్నేహితురాలింటికి వెళ్ళాలంటే ఇద్దరి నాన్నలకీ తీరిక కుదరాలి. తన పదకొండో ఏట అక్క చేతిలో సంచీ పెట్టి పంపితే ఊరు మొత్తం చుట్టి వచ్చేదని ఆమె పిల్లకి చెబితే, పిల్ల కథ విన్నట్టు వింది. చివర్లో, "భయమెయ్యలేదా అమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెను చాలా రోజులు వదల్లేదు.

వేసవి మొదట్లో అక్క ఫోన్ చేసింది. హాల్లో టీవీ గొంతు తగ్గింది.

"గర్భసంచి తీసెయ్యాలన్నారే. ఇరవై రోజులు మంచం దిగకూడదట. బకెట్టు కూడా ఎత్తొద్దన్నారు."

"నేనొస్తాను."

"ఎలా వస్తావు?"

అక్క ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. ఆరు కిలోమీటర్ల సంగతి తెలిసిన మనిషి అడిగినట్టే అడిగింది. అందుకే ఈమె రేపు చెబుతానని ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర భర్తతో చెప్పింది. రానుపోను పన్నెండు కిలోమీటర్లు, రోజూ ఎవరు దింపుతారు, అన్నాడాయన. అయితే ఆ ఇరవై రోజులూ అక్కనే ఇక్కడికి తెచ్చుకుందామంది. ఆయన ఏదో అనబోయేలోగా అత్తగారు ప్లేటు పక్కకి జరిపారు.

"ఆవిడంటే నాకేం కోపం లేదమ్మా. కానీ మొగుణ్ణి వదిలొచ్చిన మనిషి. ఆడపిల్ల ఎదుగుతున్న ఇల్లు ఇది. రేపు పిల్ల ఏమిటని అడిగితే ఏం చెబుతాం?"

"పెద్దమ్మ అని చెబుదాం అత్తయ్యా."

"చూశావురా, ఎలా మాట్లాడుతోందో!"

"అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు భర్త. "ఆపరేషన్ రోజు నేను నిన్ను తీసుకెళ్తాను, ఇంటికి వచ్చే రోజూ తీసుకెళ్తాను. సరేనా?" ఆ రెండు రోజులూ మాట ప్రకారం తీసుకెళ్ళాడు. ఆ తర్వాత నెలంతా ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ ఆ సంగతి చెప్పాడు.

అప్పుడు ఆదుకున్నది పనావిడ. ఆమె ఇల్లు అక్క వీధిలోనే. ఆరింటికల్లా ఇక్కడికెలా వస్తోందని ఇన్నాళ్ళూ ఈమె అడగనేలేదు. ఇప్పుడు అడిగితే పనావిడ నవ్వింది. "గోడ దూకి. అటు బండలు పేర్చుకున్నాం, ఇటు మీ నీళ్ళ ట్యాంకు దిమ్మ ఉంది. ఎనిమిది మందిమి వస్తాం రోజూ. మీకు దూరంగానీ మాకెక్కడి దూరమమ్మా?" ఈమె తెల్లబోయింది. తను ఆరేళ్ళుగా చెయ్యి ఊపుతూ నిలబడిన చోట ఎనిమిది మంది ఆడవాళ్ళు రోజుకి రెండు సార్లు రాకపోకలు సాగిస్తున్నారు. తనకి ఆ ఊహ రాకపోవడానికి గోడ ఎత్తు కారణం కాదు. గోడ దూకే ఆడవాళ్ళు వేరు, గోడ లోపల ఉండే ఆడవాళ్ళు వేరు అని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

మర్నాటి నుంచి పనావిడ చేతిలో క్యారియర్ గోడ దాటింది. మెత్తగా ఉడికించిన అన్నం, కారం లేని కూర, పాలు. ఖాళీ క్యారియర్‌లో తిరిగి వచ్చేవి అక్క రాసిన చీటీలు, జాకెట్లు కత్తిరించే పాటర్న్ కాగితం ముక్కల మీద, కుట్టు సుద్దతో. "కూర బాగుంది. ఉప్పు తగ్గింది." ఇంకో రోజు, "ఇవాళ కిటికీ దాకా నడిచాను. మీ ఇంటి దుప్పటి కనిపించింది." ఏడో రోజున ఒకటే మాట: "నువ్వొస్తే బాగుండును." ఆ చీటీని ఆమె ఎక్కడ పెట్టాలో తెలియక రోజంతా గుప్పిట్లోనే పెట్టుకుని పని చేసింది. సాయంత్రానికి సుద్ద చెరిగిపోయింది, అరచెయ్యి తెల్లబడింది.

ఆ ఆదివారం పొద్దున అసోసియేషన్ మీటింగు వాళ్ళ హాల్లోనే. ఆమె భర్త సెక్రటరీ. పద్నాలుగు మంది మగవాళ్ళు, పద్నాలుగు టీలు, అందులో మూడు చక్కెర లేనివి. ఆమె ట్రేతో వచ్చేసరికి రిటైర్డ్ ఇంజినీరు ప్రెసిడెంటు మాట్లాడుతున్నాడు. "బయటివాళ్ళు గోడ దూకి వస్తున్నారు. ఇవాళ పనివాళ్ళు, రేపు దొంగలు. గోడ మీద గాజుపెంకులు పాతించాలి." అందరూ తలలూపారు. మంగళవారానికల్లా పని పూర్తి చేయిస్తానన్నాడు ఆమె భర్త, ఎంతో ఉత్సాహంగా.

ఆమె ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గోడలో చిన్న గేటు పెట్టుకుంటే? పొద్దున తెరిచి, సాయంత్రం వేసుకోవచ్చు. పిల్లలు అటు బడికి నడిచి వెళ్తారు. దుకాణాలు కూడా అటే ఉన్నాయి కదండీ."

ప్రెసిడెంటు ఆమె వైపు కాక ఆమె భర్త వైపు చూసి నవ్వాడు. "మేడమ్ గారికి అటుపక్క చుట్టరికం ఉంది కదా, అందుకని." అందరూ నవ్వారు. చక్కెర లేని టీ కావాలన్నాయన, తనది తియ్యగా ఉందన్నాడు.

అందరూ వెళ్ళాక భర్త వంటింట్లోకి వచ్చాడు. "పదిమందిలో నా పరువు తీశావు. టీ ఇచ్చి లోపలికి రావాలి. అంతవరకే." ఆమె కప్పులు కడుగుతోంది. పద్నాలుగు కప్పుల్లో ఒక్కటి కూడా ఎవరూ చేత్తో తెచ్చి సింకులో పెట్టలేదు. ఆ సంగతి కొత్తది కాదు, చూడడమే ఆమెకి కొత్త.

మంగళవారం గాజుపెంకులు పాతారు. బుధవారం పనావిడ ఎనిమిదింటికి వచ్చింది, హైవే మీదుగా నడిచి, ముఖం ఎర్రగా కందిపోయి. గురువారం కూడా అలాగే వచ్చింది. శుక్రవారం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. "రాను గంటన్నర పోను గంటన్నర కాళ్ళకే పోతోందమ్మా. నేను మానేస్తాను. ఏమనుకోవద్దు." వెళ్ళబోతూ ఆగింది. "అక్కగారికి జ్వరంగా ఉంది. మా కోడలు బ్రెడ్డు ఇచ్చి వచ్చింది. మీకు చెప్పొద్దన్నారు."

పనావిడ మానేస్తే ఇంటెడు చాకిరీ తన నెత్తిన పడుతుందని ఆమెకి అప్పుడు తట్టలేదు. అత్తగారికి మాత్రం వెంటనే తట్టింది. "సరే, గిన్నెలు నువ్వే కానియ్యి, రేపటి నుంచి ఎవర్నైనా చూద్దాం," అన్నారు. ఆమె సగం తోమిన గిన్నెలు అలాగే వదిలేసి, చేతులు కడుక్కుని, క్యారియర్ సర్దింది.

"ఎక్కడికే?"

"అక్క దగ్గరికి."

"ఎవరు తీసుకెళ్తారు?"

"నడుస్తాను అత్తయ్యా."

లేఅవుట్ దాటడానికే పాతిక నిమిషాలు పట్టింది. ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి గేట్లు, ప్రతి వీధీ కొంచెం వంపు తిరిగి ఎక్కడో ఆగిపోతుంది. హైవే మీద నడిచేవాళ్ళకి చోటు లేదు. రోడ్డుకీ కాలువకీ మధ్య జానెడు మట్టి అంచు, దాని మీద పగిలిన సీసాలు, తెగిన టైరు ముక్కలు. లారీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా క్యారియర్ గుండెలకి హత్తుకుని ఆగిపోయింది. భయమేసింది. కానీ ఫ్లైఓవర్ కింద మలుపు తిరిగాక ఒక విచిత్రం తెలిసింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె ఎవర్నీ అడగకుండా ఒకచోటికి వెళ్తోంది. కాళ్ళు నొప్పి పుడుతున్నాయి, ఆ నొప్పి తనది. పాత కాలనీ మొదటి సందులోకి అడుగుపెట్టేసరికి ఇస్త్రీ బొగ్గుల వాసన, ఎవరింట్లోనో రేడియో, గుమ్మంలో కూర్చున్న ముసలావిడ "ఎవరమ్మాయివే?" అని అడిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "టైలరక్క చెల్లెల్ని," అని చెప్పి ముందుకి సాగింది.

అక్క నిద్రపోతోంది. చిక్కిపోయింది. నుదుటి మీద చెయ్యి వెయ్యగానే కళ్ళు తెరిచి, కాసేపు పోల్చుకోనట్టు చూసి, "ఎలా వచ్చావే?" అంది.

"నడిచొచ్చాను."

"పిచ్చిదానా," అని అక్క ముఖం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. కుట్లు నొప్పి పుడతాయని ఏడుపు కూడా ఆపుకుని ఏడుస్తోంది.

ఒళ్ళు తుడిచింది, బట్టలు మార్చింది, అన్నం కలిపి తినిపించింది. డాక్టరుకి ఫోన్ చేసి మందు తెప్పించింది, వీధి చివరి మందుల షాపు నుంచి ఐదు నిమిషాల్లో వచ్చింది. తర్వాత అక్కని లేపి కూర్చోబెట్టి తల దువ్వింది. జుట్టు చిక్కులు పడి ఉంది. ఒక్కో పాయే విడదీసింది. కిటికీలోంచి గోడ, గోడ మీద ఎండలో మెరుస్తున్న కొత్త గాజుపెంకులు, దాని వెనక ఆమె ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి. ఇటు నుంచి చూస్తే తన ఇల్లు ఎవరిదో అనిపించింది. ఆ డాబా మీద రోజూ నిలబడే మనిషిని చూసి అక్క ఏమనుకునేదో.

"నువ్వు గీసిందే కదే ఈ రోడ్డు," అంది అక్క ఉన్నట్టుండి. "గుర్తుందా? ఆ మ్యాపు ఇంటికి తెచ్చి నేల మీద పరిచావు. మన వీధి తిన్నగా పొలాల్లోకి వెళ్తుందని, ముప్పై అడుగుల రోడ్డని వేలుపెట్టి చూపించావు. కొత్త కాలనీ వాళ్ళు కుట్టించుకోవడానికి నా దగ్గరికే వస్తారని నవ్వుకున్నాం."

దువ్వెన ఆగిపోయింది.

గుర్తులేక కాదు. ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి రోజే ఆమె పోల్చుకుంది. తను ఇంకు పెన్నుతో గీసిన రెండు సమాంతర రేఖలు ఈ ఇంటి పక్కనుంచే వెళ్ళి పాత కాలనీ వీధిలో కలవాలి. అక్కడ గోడ ఉంది. ఇంటి పక్కన, గోడ దాకా, ముప్పై అడుగుల వెడల్పున ఖాళీ జాగా ఉంది. "ఇక్కడ రోడ్డుండాలి కదండీ," అంది భర్తతో. "ఉంటే ఊరి జనమంతా మన గుమ్మం ముందు నుంచే పోయేవాళ్ళు. అది లేకపోవడమే మన అదృష్టం. ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తకు," అన్నాడాయన. ఏడాది తిరక్కుండా ఆ ఖాళీ జాగాలోకి ఇంటిని పెంచి పెద్ద వంటిల్లు కట్టించాడు, వెనక గిన్నెలు తోముకునే చోటు, దాని పక్కన కారు షెడ్డు. "నీ కోసమే. ఇంత వంటిల్లు మీ వంశంలో ఎవరైనా చూశారా?" అని మొదటి రోజు చుట్టాలందరినీ పిలిచి చూపించాడు. ఆమె నవ్వింది కూడా. సొంత ఇల్లు కావాలని తనకీ ఉండింది. అక్క పక్కనే ఉంటుందనీ ఉండింది. ఆ రెండింటికీ మధ్య తనే నోరు మూసుకుని గోడలా నిలబడింది.

ఆ మాటలన్నీ అక్కతో చెప్పింది, దువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ. అక్క తిట్టలేదు. "నాకూ అనుమానంగానే ఉండేది," అంది. "నువ్వే చెబుతావని ఊరుకున్నాను." తర్వాత, "ఇంటికెళ్ళు. పిల్ల వచ్చే వేళయింది," అంది.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. పిల్ల బడి వ్యాను దిగేది నాలుగున్నరకి, ఇంకా రెండు గంటల టైముంది. కాలనీ చివర బస్సు ఆగింది, ఎక్కేసింది. రెండు స్టాపులు. పాత ఆఫీసు అదే పసుపు రంగులో ఉంది, లోపల డ్రాయింగ్ బల్లలు మాత్రం లేవు, వరసగా కంప్యూటర్లు. మూల గదిలో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ మాత్రం అప్పటాయనే, తల పూర్తిగా నెరిసింది. "ట్రేసరమ్మా!" అని కుర్చీలోంచి లేచాడు. అలా పిలిపించుకుని ఎన్నేళ్ళయిందో.

పాత షీట్లు రేకు గొట్టాల్లో చుట్టి పెట్టారు. నాలుగో గొట్టంలో దొరికింది. ఆయన బల్ల మీద పరిచి మూలలకి పేపర్‌వెయిట్లు పెట్టాడు. కాగితం పచ్చబడింది. గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, ఎక్కడా వణుకు లేకుండా, ఒక కొస నుంచి ఇంకో కొసకి. కింద ఎడమ మూల "ట్రేస్ చేసినవారు" అన్నచోట ఆమె పొడి అక్షరాలు. ఆ గీతలు గీసిన అమ్మాయి చెయ్యి ఎంత ధీమాగా ఉందో చూసి ఆమెకి అసూయ కలిగింది.

"సర్టిఫైడ్ కాపీ కావాలంటే దరఖాస్తు రాయాలి," అన్నాడాయన. "దాంతోపాటు ఆక్రమణ అని ఫిర్యాదు పెడితేనే కొలతకి మనిషిని పంపుతారు. కానీ అమ్మా, కొలిస్తే ముందుగా పోయేది నీ వంటిల్లే. చూసుకున్నావా?"

"నేనే గీశాను కదండీ. చూసుకున్నాను."

దరఖాస్తులో "కారణం" అన్నచోట చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. అక్క జ్వరం, పనావిడ కాళ్ళు, పిల్ల అడిగిన ప్రశ్న, తన ఎనిమిది నెలల బస్సులు, అన్నీ రాయాలనిపించింది. గడి చాలా చిన్నది. "నడవడానికి" అని రాసింది. కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది. వైఫ్ ఆఫ్ అన్నచోట ఖాళీగా వదిలేసింది. ఆయన చూశాడు, స్టాంపు వేశాడు.

ఆటో పట్టుకుని వ్యాను వేళకి లేఅవుట్ గేటు దగ్గర దిగింది. సాయంత్రం భర్త అడిగాడు, ఎలా వెళ్ళావని. నడిచి, అని చెప్పింది. ఆయన నవ్వాడు, "సరదా తీరిందా?" అని. ఇంకేమీ అడగలేదు. ఆ తర్వాత వారానికి మూడు రోజులు ఆమె నడిచే వెళ్ళింది. అత్తగారు మాట్లాడడం మానేశారు, గిన్నెలు మాత్రం సింకులో పేరుకున్నాయి. వచ్చి తోముకుంది. అక్క లేచి కూర్చుంది, తర్వాత మెట్లు దిగింది, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆరో వారంలో ఒక ఉదయం సర్వేయరు వచ్చాడు. చేతిలో కాపీ, భుజాన ఇనుప టేపు. భర్త ఆఫీసుకి బయలుదేరబోతున్నవాడు ఆగిపోయాడు. ప్రెసిడెంటు వచ్చాడు, ఇంకో అయిదారుగురు వచ్చారు. అది ప్రైవేటు స్థలమన్నారు, లేఅవుట్ మొత్తం తమదేనన్నారు, పైవాళ్ళతో మాట్లాడతామన్నారు. సర్వేయరు ఎండలో చెమటలు కక్కుతూ షీటుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఎక్కడి నుంచి మొదలెట్టాలో అతనికి అంతుపట్టినట్టు లేదు.

ఆమె తడి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఉత్తరం ఇటండీ," అని షీటుని అతని చేతుల్లోనే తిప్పింది. "హద్దు రాయి ఆ మూల ఉండాలి. మా షెడ్డు గచ్చు కిందికి పోయింది."

"మీరెవరమ్మా?"

"ఫిర్యాదు పెట్టింది నేనే."

అక్కడున్నవాళ్ళలో ఎవరో దగ్గారు. ప్రెసిడెంటు ఆమె భర్త వైపు చూశాడు, ఈసారి నవ్వలేదు. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. పిల్ల బడి సంచీ భుజాన వేసుకుని మెట్ల మీద నుంచి చూస్తోంది.

ఆ తర్వాత నోటీసులు, వాయిదాలు, బతిమాలడాలు, బెదిరింపులు చాలా నడిచాయి. గోడ పడడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో ఆ ఇంట్లో ఎవరెవరు ఎవరితో మాట్లాడారో, ఎవరు ఎక్కడ పడుకున్నారో, అదంతా చెప్పుకుంటే పెద్ద కథ. వంటిల్లు మళ్ళీ పాత గదిలోకి వచ్చింది, చిన్నదైంది. ఆమె ఆఫీసులో రోజువారీ పనికి చేరింది, కంప్యూటరు మీద గీతలు గీయడం నలభై ఏళ్ళ వయసులో నేర్చుకుంది. పొద్దున అక్క గుమ్మం ముందు నుంచే బస్సుకి వెళ్తుంది.

కానీ ఆ ఉదయం ఇదేదీ ఆమెకి తెలియదు. సర్వేయరు టేపు ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొసని గాజుపెంకుల మీదుగా జాగ్రత్తగా అవతలికి విసిరాడు. అటుపక్క ఎవరో ఆడవాళ్ళు అందుకున్నారు. పనావిడ గొంతు వినిపించింది, దాని వెనక అక్క గొంతు, "బిగించి పట్టుకోండే," అంటూ. ఆమె తన కొస పట్టుకుని, సర్వేయరు చెప్పిన చోటుకి నడిచింది. షెడ్డు దాటి, గిన్నెలు తోముకునే చోటు దాటి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి గట్టు పక్కన ఆగింది. టేపు అవతల నుంచి ఒక్కసారి బిగుసుకుంది. గోడ అవతలి నుంచి ఆమెని ఎవరో లాగుతున్నారు, మెల్లగా, వదలకుండా.

భర్త వెనకే వచ్చాడు. బయటివాళ్ళకి వినబడకుండా, పళ్ళ బిగువున అన్నాడు. "నా ఇంట్లో నిలబడి, నాకే ఎదురు తిరుగుతావా?"

ఆమె టేపు మీద అంకె చూసుకుంది. తను గీసిన గీత సరిగ్గా కాళ్ళ కిందుగా పోతోంది.

"మీ ఇంట్లో లేనండీ," అంది. "రోడ్డు మీద ఉన్నాను."